పుచ్చుకున్న చెయ్యే పెట్టే చెయ్యి

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మార్టేరు పేరు వరి పండించే తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1925లో మొదలైన అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029 అనే వంగడం బయటికొచ్చింది. వశిష్ట రకాన్ని మసూరితో సంకరపరిచి తీసిన గింజ అది. కాగితాల మీద దాని పేరు స్వర్ణ. రైతుల నోట మాత్రం ఆ అంకెలు కూడా పేరులాగే నిలిచిపోయాయి.

ఆ గింజ మార్టేరు గట్టు దాటి ఎంత దూరం పోయిందో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. గోదావరి డెల్టా అంతా పరుచుకుంది. ఒడిశాకు, పశ్చిమ బెంగాల్‌కు పాకింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ పొలాల్లోనూ దిగింది. అంత దూరం దాన్ని లారీలకెత్తి ఎవరూ పంపలేదు. చాలావరకు రైతు రైతుకిచ్చాడు. ఈ గట్టు మీది రైతు పంట బాగుంటే ఆ గట్టు రైతు వచ్చి ‘మాకో బస్తా విత్తనానికి ఉంచండి బాబాయ్’ అన్నాడు. పై ఏడు అతని చేను చూసి ఇంకో నలుగురు అడిగారు.

ఇందులో ఒక లెక్క ఉంది. నాటు వేసే పద్ధతిలో ఎకరానికి 25 కిలోల విత్తనం చాలనుకుందాం. డెబ్భై అయిదు కిలోల బస్తాలు ముప్ఫై పండాయనుకుందాం. అంటే 2,250 కిలోలు. పండిందంతా విత్తనానికే వాడితే 90 ఎకరాలకు సరిపోతుంది. ఆ 90 ఎకరాల పంట 8,100 ఎకరాలకు, దాని మీద పంట 7,29,000 ఎకరాలకు. ఒక్క ఎకరంతో మొదలుపెట్టి మూడు పంటలు తిరిగేసరికి డెల్టా పది లక్షల ఎకరాల్లో ముప్పాతిక వంతుకు చేరువవుతాం. తిండికి, అమ్మకానికి పోగా మిగిలేది తక్కువే కాబట్టి నిజంగా అంత వేగం రాదు. అయినా కిటుకు అదే. పుచ్చుకున్న ప్రతివాడూ పై పంటకి ఇచ్చేవాడవుతున్నాడు. అడిగేవాళ్లు పెరిగినకొద్దీ ఇచ్చేవాళ్లూ పెరుగుతున్నారు.

కంప్యూటర్ల భాషలో ‘పీర్ టు పీర్’ అనే మాటకు అర్థం ఇంతే. పీర్ అంటే సాటివాడు. సాటివాడి నుంచి సాటివాడికి. ఇంకో విశేషం చెప్పాలి. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది వాడే ఈ తరహా పద్ధతిలో ఫైలు మొత్తం తన దగ్గర ఉండి పదిమందికీ పంచేవాణ్ని ‘సీడర్’ అంటారు. విత్తనం వేసేవాడు అని. తీసుకుని, తిరిగి ఇవ్వకుండా పోయేవాణ్ని ‘లీచర్’ అంటారు. అంటే జలగ. ఊడ్పుల్లో మోకాలి లోతు బురదలో దిగినవాళ్లకి జలగ సంగతి వేరే చెప్పాలా? ఈ పేర్లు పెట్టినవాళ్లు మన మడిగట్లు చూసి ఉండరు. కానీ ఈ విద్య నేర్చుకోవడానికి గోదావరి జిల్లాల వాళ్లకి ఉన్నంత సులువు ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

కాలవ ఒక పద్ధతి, విత్తనం ఒక పద్ధతి

డెల్టాలో పంచుకోవడానికి ఇంకో గొప్ప ఏర్పాటూ ఉంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత దాని స్థానంలో వచ్చింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ నీళ్లు అక్కడి నుంచే. ప్రధాన కాలవ, పిల్ల కాలవ, పంట బోదె, ఆఖరికి మడి. నీళ్లు ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తాయి. మడికి చేరిన నీటిని రైతు తిరిగి కాలవలోకి ఎక్కించి పక్క ఊరికి పంపలేడు.

మనం రోజూ వాడే ఇంటర్నెట్‌లో చాలా భాగం ఈ కాలవ పద్ధతే. ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. అందరూ దాన్నే అడుగుతారు, అదే అందరికీ ఇస్తుంది. రెండో పంట దాళ్వాలో నీళ్లు తగ్గినప్పుడు ఏమవుతుందో గుర్తు చేసుకోండి. వంతులవారీ పెడతారు. లస్కర్లు రాత్రిళ్లు లాకుల దగ్గర కాపలా ఉంటారు. ఎన్ని చేసినా శివారు భూముల రైతు చివరికి మోటారు పెట్టుకోవాల్సిందే. పదో తరగతి ఫలితాల రోజు సరిగ్గా అదే జరుగుతుంది. పిల్లలు, తల్లిదండ్రులు, మేనమామలు, మాస్టార్లు అందరూ ఒకే నిమిషంలో ఒకే సర్వర్ మీద పడతారు. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. అడిగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి అందేది తగ్గుతుంది.

అంకెల్లో చూద్దాం. మీ దగ్గర 700 మెగాబైట్ల ఫైలు ఉంది. ఊరి పండగలో తీసిన వీడియో అనుకోండి. దాన్ని వందమందికి పంపాలి. మీ కనెక్షన్ బయటికి పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లు. ఒక మెగాబైటు అంటే ఎనిమిది మెగాబిట్లు. కాబట్టి ఒక్కరికి పంపడానికే 560 సెకన్లు, అంటే తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. వందమందికి మీరొక్కరే పంపితే పదిహేను గంటలు దాటుతుంది. అలా కాకుండా వందమందికి తలా ఒక ముక్క ఇచ్చి, ‘ఇక మీలో మీరు మార్చుకోండి’ అన్నారనుకోండి. ఒక్కొక్కరి దగ్గరా అదే వేగం ఉంటే, కాగితం మీది లెక్క ప్రకారం అందరికీ పది నిమిషాల్లోపే మొత్తం ఫైలు చేరిపోవచ్చు. నిజంలో మాటలు కలిసేదాకా, తెగిన లైన్లు మళ్లీ పట్టేదాకా ఆలస్యం ఉంటుంది. పది నిమిషాలు అరగంట కావచ్చు. అయినా పదిహేను గంటల ముందు అరగంట ఎంత!

మొదటి ప్రయత్నాలు

1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే కుర్రాడు నాప్‌స్టర్ అనే ప్రోగ్రామ్ వదిలాడు. పాటలు ఎవరి కంప్యూటర్లో వాళ్లవి ఉండేవి. ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే చిట్టా మాత్రం నాప్‌స్టర్ సొంత సర్వర్లలో ఉండేది. విత్తనం ఊరంతా ఉంది, ఎవరింట్లో ఉందో తెలిసినవాడు ఒక్కడే అన్నమాట. సంగీత సంస్థలు కోర్టుకెళ్లాయి. 2001లో ఆ ఒక్క చిట్టా ఆగింది, నాప్‌స్టర్ మొత్తం ఆగింది. వేలెత్తి చూపడానికి మధ్యలో ఒక్కటే చోటు ఉంటే, పడగొట్టడానికీ ఆ ఒక్క చోటే చాలు.

అదే 2001 జులైలో బ్రామ్ కోహెన్ అనే మరో అమెరికన్ బిట్‌టోరెంట్‌ను విడుదల చేశాడు. మనం నేర్చుకోవలసింది దీన్నే. ఎందుకంటే కోహెన్ పట్టించుకున్నది ‘ఫలానా ఫైలు ఎక్కడుంది’ అన్న ఒక్క ప్రశ్ననే కాదు. ‘ఎక్కువమంది ఒకేసారి అడిగితే ఎలా?’, ‘తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేలా చేయడం ఎలా?’ అన్నవాటికీ జవాబు వెతికాడు. రెండోది సాంకేతిక విషయంలా కనిపించినా, అది ఊరికి సంబంధించిన ప్రశ్న.

ముక్కలు, వేలిముద్రలు

ఫైలును ముందు సమానమైన ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 256 కిలోబైట్లు అనుకుంటే మన 700 మెగాబైట్ల వీడియో సుమారు 2,800 ముక్కలవుతుంది. ప్రతి ముక్కకూ గణిత సూత్రంతో ఒక వేలిముద్ర తీస్తారు. షా-1 అనే సూత్రం వాడితే ఆ వేలిముద్ర నిడివి సరిగ్గా 20 బైట్లు. ముక్కలో ఒక్క అక్షరం, ఒక్క చుక్క మారినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. ఈ 2,800 వేలిముద్రలు, ఫైలు పేరు, నిడివి అన్నీ కలిపి రాసిపెట్టిన చిన్న చీటీనే టోరెంట్ ఫైలు అంటారు. వేలిముద్రలన్నీ కలిపినా 56 వేల బైట్లే. ఆ చీటీలో వీడియో ఉండదు. వీడియోను గుర్తుపట్టే ఆనవాళ్లు మాత్రమే ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. టోరెంట్ ఫైలు దిగిందంటే సరుకు దిగినట్టు కాదు, సరుకుల పట్టీ చేతికొచ్చినట్టు.

వేలిముద్ర ఎందుకంటారా? ముక్కలు వచ్చేది ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి. ఒకడు పొరపాటున పాడైన ముక్క పంపొచ్చు. ఇంకొకడు కావాలనే కల్తీ ముక్క పంపొచ్చు. విత్తనం కోసం ఉంచిన చేలో రైతు కేళీలు ఏరేస్తాడు కదా. వేరే రకం మొక్క ఒక్కటి కనిపించినా పీకి గట్టు మీద పారేస్తాడు. వదిలేస్తే పై ఏడు అది పదై కూర్చుంటుంది. కంప్యూటరు కూడా వచ్చిన ప్రతి ముక్క వేలిముద్రనూ చీటీలోని దానితో సరిచూస్తుంది. కలవకపోతే ఆ ముక్క పారేసి మళ్లీ అడుగుతుంది. అందుకే ఎన్ని చేతులు మారినా చివరికి చేరే ఫైలు మొదటివాడి దగ్గర ఉన్నదానికి అచ్చంగా నకలే. ఒకప్పుడు రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి ఊరూరి నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి పాఠం తేల్చేవాడు. చేతిరాతలో ప్రతి నకలుకూ కొన్ని తప్పులు పేరుకుంటాయి కాబట్టి ఆయనకు అంత శ్రమ. ఇక్కడ ఆ శ్రమను వేలిముద్ర క్షణంలో తీరుస్తుంది.

ఏ ముక్క ముందు అడగాలి? వరసగా ఒకటి, రెండు, మూడు అని అడిగితే అందరి దగ్గరా మొదటి ముక్కలే ఉంటాయి, చివరివి ఎవరి దగ్గరా ఉండవు. అసలువాడు కంప్యూటరు కట్టేసి పడుకుంటే అందరూ సగంలో ఆగిపోతారు. అందుకే బిట్‌టోరెంట్ అరుదైనదాన్ని ముందు అడుగుతుంది. గుంపులో ఎవరెవరి దగ్గర ఏ ముక్కలున్నాయో చూసుకుని, అన్నిటికంటే తక్కువమంది దగ్గరున్న ముక్కకు మొదట చేయి చాస్తుంది. ఊళ్లో అందరి గాదెల్లోనూ స్వర్ణే ఉండి, ఒకే ఒక్క పెద్దాయన దగ్గర పాతకాలపు దేశవాళీ గింజ దోసెడు మిగిలిందనుకోండి. బుద్ధి ఉన్న ఊరు ముందు వెళ్లవలసింది ఆయన అరుగు దగ్గరికే. స్వర్ణ రేపైనా దొరుకుతుంది. కంప్యూటర్ల గుంపు ఈ పని రాత్రింబవళ్లు మర్చిపోకుండా చేస్తుంది. ఈ ఒక్క నియమం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన విత్తనాల విషయంలో, మన పాత పుస్తకాల విషయంలో మనం చేయలేకపోయింది ఇదే కదా అనిపించింది.

ఇస్తేనే అందుతుంది

ఇక జలగల సంగతి. అందరూ తీసుకుని పోయేవాళ్లే అయితే ఈ ఏర్పాటు ఒక్క రోజు నిలవదు. కోహెన్ పెట్టిన కట్టడి ఇచ్చిపుచ్చుకోవడం. మీ కంప్యూటరు ఒకేసారి అందరికీ పంపదు. కొద్దిమందికే, మామూలుగా నలుగురికి, పంపుతుంది. ఆ నలుగురూ ఎవరు? మీకు ఎక్కువ వేగంగా ముక్కలు పంపుతున్నవాళ్లు. పది సెకన్లకోసారి ఈ లెక్క మళ్లీ చూసుకుంటుంది. ఇవ్వడం ఆపినవాడికి తనూ ఆపేస్తుంది. ఊడ్పుల రోజుల్లో బదులు పనికి వెళ్లినట్టే. మీ చేలో నాట్లకి మావాళ్లొచ్చారు, మా చేలో నాట్లకి మీవాళ్లు రావాలి. రానివాళ్ల సంగతి పై ఏడు గుర్తుంటుంది.

మరి ఇప్పుడే గుంపులో చేరినవాడి దగ్గర ఇవ్వడానికి ముక్కే లేదు. ఇచ్చినవాడికే ఇస్తామంటే వాడికి మొదటి ముక్క ఎవరిస్తారు? దీనికీ ఒక దారి ఉంది. ముప్ఫై సెకన్లకోసారి కంప్యూటరు లెక్కలు పక్కన పెట్టి, గుంపులోంచి ఎవరో ఒకరిని ఎంచుకుని ఊరికే ఇస్తుంది. అలా దొరికిన మొదటి ముక్కతో కొత్తవాడు మారకంలోకి దిగుతాడు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి ఊరు ముందుగా ఓ కుంచం గింజలు పెట్టినట్టు. పిసినారితనం మీద మాత్రమే నడిచే ఊరు ఎలా నిలవదో, దానం మీద మాత్రమే నడిచే ఊరూ అలాగే నిలవదు. రెండూ తగుపాళ్లలో కలిశాయి గనుకనే బిట్‌టోరెంట్ ఇన్నేళ్లుగా నడుస్తోంది.

ఒక లోటు మాత్రం ఉంది. ఈ మారకం ఫైలు దిగుతున్నంతసేపే పనిచేస్తుంది. మీకు మొత్తం దిగిపోయాక ఇక ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదు. అప్పుడు కంప్యూటరు కట్టేస్తే అడిగేవాడు లేడు. దిగాక కూడా తెరిచి ఉంచేవాడే సీడర్. అతనికి లాభం ఏమీ లేదు. కరెంటు, డేటా, కాస్త ఓపిక, అన్నీ అతనివే. మొత్తం ఏర్పాటు ఆఖరికి ఆ మంచితనం మీదే నిలబడి ఉంది. చివరి సీడర్ వెళ్లిపోయాక టోరెంట్ చీటీ ఒక్కటే మిగులుతుంది. ఆనవాళ్లు ఉంటాయి, సరుకు ఉండదు.

ఎవరింట్లో ఉంది?

సాటివాళ్లను వెతకడం ఎలా అన్నది మిగిలింది. మొదట్లో దీనికి ట్రాకర్ అనే కంప్యూటరు ఉండేది. రచ్చబండ లాంటిది. అక్కడికెళ్లి ఫలానా చీటీ తాలూకు గుంపులో ఎవరెవరున్నారని అడిగితే చిరునామాలు ఇస్తుంది. సరుకు మాత్రం దాని దగ్గర ఉండదు. అయితే రచ్చబండ కూలితే? నాప్‌స్టర్ నేర్పిన పాఠం మళ్లీ ఎదురవుతుంది.

2002లో పెటార్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు కడెమ్లియా అనే పద్ధతి రాశారు. 2005 నుంచి బిట్‌టోరెంట్‌లో రచ్చబండ లేకుండానే పని జరగడానికి ఇది దారి చూపింది. చిరునామాల పుస్తకాన్ని చించి గుంపులో అందరికీ తలా కాస్త పంచినట్టు ఉంటుంది. ప్రతి కంప్యూటరుకూ ఒక అంకె ఉంటుంది, ప్రతి ఫైలుకూ వేలిముద్ర అంకె ఉంటుంది. ఫైలు అంకెకు దగ్గరి అంకెలున్న కంప్యూటర్లు దాని గుంపు చిరునామాలు దాచుకుంటాయి. మీరు మీకు తెలిసినవాణ్ని అడుగుతారు. వాడు ‘నాకు తెలియదు గానీ, నాకంటే దగ్గరివాడు ఫలానా’ అంటాడు. అడిగినకొద్దీ మిగిలిన దూరం కనీసం సగం తగ్గుతుంది. పది లక్షల కంప్యూటర్లున్నా ఇరవై అడుగుల్లోపే కావలసినవాడు దొరుకుతాడు. తెలియని ఊళ్లో చుట్టాలిల్లు వెతుక్కుంటూ ‘వరసకి వాళ్లకి దగ్గరివాళ్లు ఎవరండీ’ అని అడుగుతూ వెళ్లడం మనకి కొత్త కాదు. టోరెంట్ చీటీ కూడా లేకుండా ఒక్క వేలిముద్ర అంకెతోనే వెతికే లింకులను మాగ్నెట్ లింకులు అంటున్నారు.

మన వీధిలో ఏముంది

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ మొదటి అడుగు పడింది. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. ఆ రెండిటితో డెల్టాలో ఊరూరా డేటా పారింది. కానీ అది ఎక్కువగా కాలవ నీరే. పైనుంచి కిందికి దిగేదే. పైగా చాలా మొబైల్ కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను ఎందరో పంచుకుంటారు. అందుకని బయటివాళ్లు నేరుగా మీ తలుపు తట్టడం కుదరదు. మీరు తడితేనే తెరుచుకుంటుంది. టోరెంట్ నెమ్మదిగా నడుస్తోందని చాలామంది వాపోవడానికి ఇదొక కారణం. ఇంటర్నెట్ కొత్త చిరునామాల పద్ధతి ఐపీవీ6 ప్రతి ఫోనుకూ సొంత చిరునామా ఇవ్వగలదు కాబట్టి ఈ చిక్కు కొంతవరకు తీరుతోంది.

ఇంటర్నెట్ అక్కర్లేని పంపకం కూడా ఉందని మరవొద్దు. జియో రాకముందు కాలేజీ బస్సులో బ్లూటూత్‌తో ఒకరి పాట ఇంకొకరికి పాకేది. తర్వాత షేర్‌ఇట్ వచ్చింది. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. ఇప్పుడు ఫోన్లలోనే పక్క ఫోనుకు నేరుగా పంపే ఏర్పాట్లు వచ్చాయి. రెండు ఫోన్లు వైఫైతో చెయ్యి కలుపుతాయి, మధ్యలో ఏ సర్వరూ ఉండదు. బిట్‌టోరెంట్ వేలమందితో చేసే పనికి ఇద్దరితో చేసిన రూపమే అది.

ఏది పంచుకోవచ్చు

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకముందే దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీల రూపంలో దొరికి, ఇంటర్నెట్‌కూ ఎక్కింది. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న థియేటర్లకు తెచ్చారు. ప్రేక్షకులు థియేటర్లకు రావడం వల్ల సినిమా నిలబడింది. అన్ని సినిమాలకూ ఆ అదృష్టం ఉండదు. వందల మంది పనివాళ్ల కూలి, అప్పులు తెచ్చినవాళ్ల వడ్డీ ఆ రీళ్లలో ఉంటాయి. టోరెంట్ అనగానే సినిమా దొంగతనం గుర్తుకొచ్చే పరిస్థితి వచ్చిందంటే అది ఈ పద్ధతి తప్పు కాదు, వాడినవాళ్ల తప్పు. అయినా చట్టం ఏం చెబుతుందో కొత్తవాళ్లు స్పష్టంగా తెలుసుకోవాలి.

కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమాను అక్రమంగా చిత్రీకరించినా, ఆ కాపీని ప్రదర్శించినా మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షల నుంచి నిర్మాణ వ్యయంలో అయిదు శాతం దాకా జరిమానా అంటోంది. టోరెంట్‌లో ఇంకో సంగతి గమనించాలి. ‘నేను చూసుకోవడానికే దించుకున్నాను’ అనడానికి వీల్లేదు. ముక్క దిగుతూండగానే మీ కంప్యూటరు దాన్ని వేరేవాళ్లకు పంపుతూ ఉంటుంది. అంటే మీరు పంచుతున్నట్టే. మీ ఐపీ చిరునామా గుంపులో అందరికీ కనిపిస్తుంది. ఇక దొంగ సినిమాల పేరుతో వచ్చే ఫైళ్లలో వైరస్‌లు మామూలే. వేలిముద్ర సరిపోయిందంటే మొదటివాడు వేసిందే వచ్చిందని అర్థం. వాడు వేసిందే పుచ్చు గింజైతే వేలిముద్ర కాపాడదు.

విత్తనాల చట్టంలోనూ ఇలాంటి గీతే ఉంది. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని ఒప్పుకుంటుంది. బ్రాండు ముద్ర వేసి అమ్మడానికి మాత్రం వీల్లేదు. పంచుకోవడం హక్కు అన్న మాటా, ఎవరి కష్టం వారిది అన్న మాటా ఒకే సెక్షన్లో ఉన్నాయి.

మరి మనం నిశ్చింతగా పంచుకోగలిగింది ఏమిటి? ఉబుంటు లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాటి తయారీదార్లే టోరెంట్‌లో ఇస్తున్నారు. విండోస్ 10 వచ్చినప్పటి నుంచీ ఆ కంప్యూటర్లు కొత్త అప్‌డేట్ ముక్కలను పక్క కంప్యూటర్ల నుంచి తెచ్చుకోగలవు. వీటికంటే నా మనసులో పెద్దవి పుస్తకాలు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మన తెలుగువారు రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లకెక్కించే పథకం తలపెట్టారు. దాని భారతీయ శాఖగా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నడిపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల కొద్దీ తెలుగు పుస్తకాలు చేరాయి. కొన్నేళ్లకు కాపీరైట్ చిక్కులు వచ్చి ఆ సైటు మూతపడింది. అవన్నీ ఒక్కచోటే ఉండి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ కార్ల్ మాలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ అంతకుముందే వాటికి నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టింది. మూతపడిన గాదె గింజలు ఇంకో గాదెలో బతికి బయటపడ్డాయి. ఇప్పుడు ఆ రెండో గాదె కూడా ఒక్కటే. గోదావరి వరదలు చూసినవాళ్లకి ఇది ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో నీళ్లు ఊళ్లను ముంచినప్పుడు ఒకే అటక మీద ఉన్న కాగితాలన్నీ ఒకేసారి పోయాయి. నాలుగిళ్లలో నకళ్లున్నవే మిగిలాయి.

రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. నాళం కృష్ణారావు గారు 1898లో నాటిన మొక్క. ఆయన కాలం వాళ్లు ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగి తెచ్చి అందరికీ చదువుకోవడానికి పెట్టారు. ఆ పని ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేయొచ్చు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే, ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు అందరివీ అవుతాయి. 1919లో వెళ్లిపోయిన కందుకూరి వీరేశలింగం గారివి ఎప్పుడో అందరివీ అయ్యాయి. 1946లో పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారివి, 1952లో పోయిన అడివి బాపిరాజు గారివి కూడా అంతే. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో కన్నుమూశారు. 2022 జనవరి 1 నుంచి ఆయన కథలు మనందరి ఆస్తి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుస్తకం పేజీ తెరిస్తే దించుకునే రకాల్లో టోరెంట్ అని ఒకటి ఉంటుంది. క్యూబిట్‌టోరెంట్ అనే ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటరులో పెట్టుకుంటే ఆ చీటీ అందులో తెరుచుకుంటుంది. పంపే వేగానికి హద్దు పెట్టుకోవచ్చు, ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు అడ్డు రాదు. మొబైల్ డేటా మీద చేయకండి, ఫైబర్ లైను మీద చేయండి. ప్రోగ్రామ్‌లో ‘రేషియో’ అని ఒక అంకె కనిపిస్తుంది. అది 1కి చేరిందంటే మీరు పుచ్చుకున్నంతా తిరిగి ఇచ్చేశారని. అక్కడ ఆపినా ఎవరూ తప్పు పట్టరు. పాత తెలుగు పుస్తకాలకు మాత్రం గుంపులు చిన్నవి, ఒక్కో పుస్తకానికి ఆర్కైవ్ సర్వర్ తప్ప ఇంకే సీడరూ ఉండకపోవచ్చు. మీరే రెండో విత్తనం కావచ్చు.

ఈ ఆదివారం శ్రీపాద వారి పుస్తకం ఒకటి, చిలకమర్తి వారిది ఒకటి దించుకోండి. దిగిన వెంటనే మూసేయకండి. రాత్రి పడుకునే ముందు కంప్యూటరు అలాగే వదలండి, తెల్లారేదాకా ఉంచండి. అమలాపురంలోనో, అమెరికాలోనో ఎవరో ఒకరు ఆ ముక్క కోసం అడుగుతారు.